కాలేజీ బస్సులకు ఆల్కహాల్ ఇంటర్‌లాక్: ఏ సెన్సర్ తీసుకోవాలి, ఏ వైరులో పెట్టాలి?

తెనాలి ట్రాన్స్‌పోర్ట్

ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు 14, వ్యాన్లు 2. బస్సులన్నీ 24 వోల్టులవి. వాటిలో 9 బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణంవి), మిగతావి బీఎస్6 (కొత్త ప్రమాణంవి). వ్యాన్లు 12 వోల్టులవి. గేటు దగ్గర సూపర్‌వైజర్ చేతి మిషన్‌తో ఊదిస్తాడు. కానీ సగం బస్సులు రాత్రిపూట డ్రైవర్ల ఊళ్లలోనే ఆగుతాయి. వాటికి పరీక్ష జరిగేది పిల్లల్ని ఎక్కించుకుని కాలేజీకి వచ్చేశాకే. అప్పుడు ఊదించి లాభమేముంది?

అందుకే తాగితే బండి స్టార్టే కాకుండా చేసే పరికరం, అంటే ఆల్కహాల్ ఇంటర్‌లాక్, పెట్టమని మేనేజ్‌మెంట్ అంటోంది. ఇద్దరు సప్లయర్లు వచ్చారు. మొదటాయన డాష్‌బోర్డు మీద చిన్న డబ్బా పెడతానంటున్నాడు. ఊదక్కర్లేదట, క్యాబిన్లో గాలిని అదే పసిగడుతుందట, వాసన తగిలితే నడుస్తున్న ఇంజన్ కూడా ఆపేస్తుందట. లోపల సెన్సర్ ఎంక్యూ-3. రెండో ఆయనది గొట్టంలో ఊదే రకం, ఫ్యూయల్ సెల్ అంటున్నాడు. ధర మొదటిదానికి మూడు రెట్ల పైమాటే.

అడగాల్సినవి ఇవి. ఆ ధర తేడాకు తగ్గ పని ఉందా? వైరింగులో దేన్ని కట్ చేస్తారు, బీఎస్6 బండికి ఇబ్బంది రాదా? డ్రైవర్ బదులు క్లీనర్ ఊదితే ఎలా తెలుస్తుంది? శానిటైజర్, దగ్గు మందుల వల్ల తప్పుడు రీడింగ్ వస్తే ఉదయం 5:30కి బస్సు ఆగిపోతుంది, దానికి దారేంటి?

---

సెన్సర్ల శాస్త్రి

మొదటాయనకు నమస్కారం పెట్టి పంపించేయండి. డబ్బు మిగులుతుంది కదా అని పెట్టించుకుంటే రెండు నెలల్లో డ్రైవర్లే దాని వైరు పీకేస్తారు, మీరూ ఏమీ అనలేరు.

ఎంక్యూ-3 అంటే టిన్ ఆక్సైడ్ పూసిన సెమీకండక్టర్. లోపల చిన్న హీటర్ 5 వోల్టుల మీద 150 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూ ఎప్పుడూ వేడిగా ఉండాలి. ఆవిరి తగిలితే దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. అది ఏ ఆవిరన్నది దానికి పట్టదు. మందుతో పాటు సెంటు, సీట్లు తుడిచే లిక్విడ్, కొంతవరకు పెట్రోలు ఆవిరికీ కదులుతుంది. షుగర్ అదుపులో లేని మనిషి ఊపిరిలోని అసిటోన్‌కూ కదులుతుంది. డేటాషీట్ తీసి చూడండి: పరీక్ష పరిస్థితి 20 డిగ్రీలు, 65 శాతం తేమ. మన దగ్గర మే నెలలో ఎండలో నిలిపిన బస్సుకు ఈ అంకెలతో సంబంధమే ఉండదు. మొదటిసారి వాడేముందు 24 గంటలకు పైగా వేడెక్కించాలని కూడా అందులోనే ఉంటుంది. రాత్రి బ్యాటరీ స్విచ్ ఆపేసి ఉదయం 5:30కి కీ తిప్పే బండిలో అది కుదిరే పనేనా?

ఇంకో లెక్క చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. రక్తానికీ ఊపిరికీ నిష్పత్తి 2100:1 అనుకుంటే, లీటరు ఊపిరిలో 0.143 మి.గ్రా. అవుతుంది. ఎంక్యూ-3 కొలిచే పరిధి 0.05 నుంచి 10 మి.గ్రా. దాకా. అంటే మనకు కావలసిన అంకె దాని స్కేలులో అట్టడుగున ఉంది. పైగా క్యాబిన్ గాలిలో కలిసిపోయాక డ్రైవర్ ఊపిరి ఎన్నో వంతుకు పలచబడిందో ఎవరికి తెలుసు? కిటికీ తీస్తే రీడింగ్ ఒకటి, మూస్తే ఇంకొకటి. వెనక సీట్లో ఎవరో సెంటు కొట్టుకుంటే మూడోది.

ఫ్యూయల్ సెల్ పని వేరు. ప్లాటినం ఎలక్ట్రోడ్ల మీద ఇథనాల్ ఆక్సీకరణ చెంది అసిటిక్ ఆమ్లంగా మారుతూ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటును కూడితే అందులో ఎంత మందు ఉందో తెలుస్తుంది. అసిటోన్‌ను పట్టించుకోదు. మిథనాల్‌కూ, శానిటైజర్లలో ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కూ మాత్రం స్పందిస్తుంది, ఆ మేరకు జాగ్రత్త కావాలి. మిషన్ మొత్తం ఊపిరిని కొలవదు. నాలుగైదు సెకన్లు ఆపకుండా ఊదించి, లీటరుంబావు నుంచి లీటరున్నర గాలి పోయాక, చివర్లో ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే గాలిలోంచి చిన్న నమూనా మాత్రమే లోపలికి లాగుతుంది. అందుకే మధ్యలో ఆపితే మళ్లీ ఊదమంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పరిమాణం తగ్గించే సెట్టింగ్ ఉందో లేదో ముందే అడగండి.

సప్లయర్‌ను అడగాల్సిన కాగితం ఒకటే: ఈఎన్ 50436-2 (ఇంటర్‌లాక్‌లకు యూరప్ ప్రమాణం) టెస్ట్ రిపోర్ట్. 50436-1 కోర్టు శిక్ష పడినవాళ్ల బండ్లకు, 2 మీలాంటి ముందుజాగ్రత్త వాడకానికి. రిపోర్టు మీద మోడల్ నంబరు, డబ్బా మీది నంబరు ఒకటేనా అని సరిచూడండి. "అదే టెక్నాలజీ సార్" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి.

---

ఆటోనగర్ వైరింగ్

శాస్త్రి గారు సెన్సర్ సంగతి చెప్పేశారు, నేను వైరు సంగతికే పరిమితమవుతా.

అన్నిటికంటే ముందు ఒకటి. నడుస్తున్న ఇంజన్ ఆపే డబ్బా ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. ఇంజన్ ఆగితే బస్సులో పవర్ స్టీరింగ్ పంపు ఆగుతుంది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. ఎయిర్ కంప్రెసర్ ఆగుతుంది. ట్యాంకులో ఉన్న గాలితో కొన్నిసార్లు బ్రేకు పడుతుంది, గాలి బాగా తగ్గితే స్ప్రింగ్ బ్రేకు దానంతట అదే పట్టేసి బస్సు నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. వెనక లారీ వస్తుంటే? ఇంటర్‌లాక్ అన్నది సెల్ఫ్‌ను మాత్రమే ఆపాలి. ఇంజన్ తిరగడం మొదలయ్యాక దానికి ఇంజన్‌తో పని లేదు.

బీఎస్4 బస్సులు: కీ స్టార్ట్ టెర్మినల్ నుంచి వచ్చే వైరు (చాలావాటిలో న్యూట్రల్ స్విచ్ మీదుగా) స్టార్టర్ రిలే కాయిల్‌కు వెళ్తుంది. ఆ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) స్టార్టర్ మోటారు మీదున్న సాలినాయిడ్‌కు కరెంటు ఇస్తుంది. ఇంటర్‌లాక్ కాంటాక్ట్‌ను కాయిల్ వైపు వైరులో సిరీస్‌గా పెట్టాలి. అక్కడ కరెంటు ఆంపియర్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. సాలినాయిడ్‌కు పోయే లావు వైరును కట్ చేసేవాళ్లున్నారు, తీయడానికి అది సులువుగా కనిపిస్తుంది కాబట్టి. అందులో లాగే క్షణంలో పదుల ఆంపియర్లు పోతాయి. డబ్బాలో ఉన్న చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక ఊదినా ఊదకపోయినా బండి స్టార్టవుతుంది, ఎవరికీ తెలియదు. వ్యాన్లలో రిలే లేకుండా కీ నుంచి నేరుగా సాలినాయిడ్‌కు వైరు ఉంటే, మధ్యలో 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలే ఒకటి కొత్తగా వేసి, దాని కాయిల్‌ను ఇంటర్‌లాక్‌తో నడపండి.

బీఎస్6 దగ్గరే తంటా. చాలా మోడళ్లలో కీ స్టార్ట్ సిగ్నల్ ఈసీయూలోకి (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పోతుంది, స్టార్టర్ రిలేను ఈసీయూ నడుపుతుంది. ఈసీయూకూ రిలేకూ మధ్య కట్ చేశారంటే, కాయిల్ సర్క్యూట్ తెగిపోయిందని ఈసీయూ ఫాల్ట్ కోడ్ రాసుకుంటుంది, డాష్ మీద లైటు వెలుగుతుంది, సర్వీస్ సెంటర్‌వాడు వారంటీ కుదరదంటాడు. కీకీ ఈసీయూకీ మధ్య పెడితే ఈసీయూకు కీ తిప్పనట్టే ఉంటుంది, కోడ్ పడదు. అయితే అక్కడ పారేది మిల్లీ ఆంపియర్లే. మామూలు పవర్ రిలే కాంటాక్టులు అంత తక్కువ కరెంటు మీద కొన్ని నెలలకు పైన పొర పట్టి ఒకసారి పని చేస్తాయి, ఒకసారి చేయవు. బంగారు పూత కాంటాక్టులున్న సిగ్నల్ రిలే కావాలి. డబ్బాలో ఏది ఉందో సప్లయర్ చెప్పలేకపోతే ఆయనకు బీఎస్6 బస్సు ఇవ్వొద్దు. ఏ మోడల్‌కు ఏ పిన్ను అన్నది బస్సు కంపెనీ వైరింగ్ డయాగ్రమ్ చూసే చేయాలి, టెస్ట్ ల్యాంపుతో వెతుక్కుంటూ కాదు. ఆ ల్యాంపే ఈసీయూను కాల్చేస్తుంది.

సప్లై: 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 వోల్టులు లాగడం మనవాళ్ల పాత అలవాటు. ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జిలో, ఇంకొకటి ఎక్కువ చార్జిలో ఉండి రెండూ పాడవుతాయి. 24 వోల్టుల యూనిట్ తీసుకోండి, లేదా సరైన కన్వర్టర్ పెట్టండి. బ్యాటరీ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి. ఫ్యూజ్ డాష్ కింద ఉంటే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకు రక్షణే లేదు, బస్సులు తగలబడేది అలాంటి వైర్ల వల్లే. ఎర్త్ బాడీ షీటుకు కాదు, ఛాసిస్ ఎర్త్ పాయింటుకు.

బ్యాటరీ కటాఫ్ స్విచ్‌కు ముందు నుంచి సప్లై తీయాలా, తర్వాత నుంచా? తర్వాత తీస్తే డ్రైవర్ రాత్రి స్విచ్ ఆపిన ప్రతిసారీ "పవర్ తీసేశారు" అని లాగ్‌లో పడుతుంది. నెల తిరిగేసరికి అసలు దొంగతనం ఏదో, మామూలు స్విచ్ ఏదో తేలదు. ముందు నుంచి తీయండి. యూనిట్ ఊరికే ఉన్నప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు తాగితే రోజుకు అర ఆంపియర్-అవర్ కంటే తక్కువ, రెండు నెలల వేసవి సెలవులకు 29 దాకా. బస్సు బ్యాటరీకి అది తట్టుకునే లెక్కే, కానీ అదే లైను మీద ట్రాకర్, కెమెరా కూడా ఉంటే కూడుకుని చూడండి.

ఆఖరిది, ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది కూడా దీని మీదే: బ్యాటరీ ముసలిదైతే సెల్ఫ్ కొట్టినప్పుడు 24 కాస్తా 16, 17కు పడుతుంది. యూనిట్ ఆ దెబ్బకు రీసెట్ అయి "మళ్లీ ఊదు" అంటుంది. డ్రైవర్ ఊదుతాడు, సెల్ఫ్ కొడతాడు, మళ్లీ రీసెట్. అందరూ సెన్సర్‌ను తిడతారు, తప్పు బ్యాటరీది. పెట్టేముందు ప్రతి బండికీ సెల్ఫ్ కొడుతూ మీటరు పెట్టి వోల్టేజ్ రాసుకోండి. యూనిట్ కనీస వోల్టేజ్ దానికంటే కింద ఉండాలి.

జాయింట్లన్నీ క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ వేయాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు వైబ్రేషన్‌కు వానాకాలం దాటదు.

---

తెనాలి ట్రాన్స్‌పోర్ట్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం: బండి దారిలో ఆగిపోతే, అంటే రైల్వే గేటు మీద ఇంజన్ ఆఫ్ అయితే, అప్పుడూ ఊదాలా? ఇంకోటి, మా మేనేజ్‌మెంట్‌లో ఒకరు వాట్సాప్‌లో వచ్చింది చూపించి "2024 నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ ఇది ఉంది, మన బస్సులకూ కంపెనీయే ఇస్తుంది, ఆగుదాం" అంటున్నారు. నిజమేనా?

---

డాలస్ నుంచి రావు

ఆ ఫార్వర్డ్ సగం నిజం. యూరప్ నిబంధన 2019/2144 ప్రకారం 2022 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2024 జులై నుంచి అమ్మే కొత్త బండ్లన్నిటికీ ఉండాల్సింది ఇంటర్‌లాక్ కాదు, ఇంటర్‌లాక్ పెట్టుకోవడానికి వీలు. అంటే ఏ వైరు, ఏ కనెక్టర్, ఎక్కడ కలపాలి అన్న పత్రం తయారీదారు ఇవ్వాలి. పరికరం బండిలో రాదు. ఆ పత్రం ఎలా ఉండాలో చెప్పేదే ఈఎన్ 50436-7. ఆటోనగర్ గారు టెస్ట్ ల్యాంపు వద్దన్నారు కదా, అక్కడ ఆ బాధ తప్పించడానికే ఈ ఏర్పాటు.

బస్సులకు నిజంగా తప్పనిసరి చేసింది ఫ్రాన్స్. 2010లో పిల్లల్ని తీసుకెళ్లే కొత్త కోచ్‌లతో మొదలై, 2015 సెప్టెంబరు నుంచి అన్ని కోచ్‌లకూ. ఫిన్లాండ్‌లో 2011 నుంచి స్కూలు పిల్లల రవాణాకు ఉంది. మీ మేనేజ్‌మెంట్‌కు చూపించాలంటే ఈ రెండూ చూపించండి, మీ అవసరానికి దగ్గరగా ఉన్నవి ఇవే.

అమెరికాలో ఇంటర్‌లాక్ ఎక్కువగా శిక్ష పడ్డవాళ్ల కార్లకే. యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో చట్టం ఉంది. ఊదకుండానే పసిగట్టే రకం మీద 2008 నుంచి డాడ్స్ అనే కార్యక్రమం నడుస్తోంది. ఒకటి స్టీరింగ్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌తో ఊపిరిని చూస్తుంది. ఆల్కహాల్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచి, ఊపిరి ఎంత పలచబడిందో దాన్నిబట్టి లెక్కకడుతుంది. మీ మొదటి సప్లయర్ డబ్బాలో లేనిది సరిగ్గా ఇదే. ఇంకొకటి స్టార్ట్ బటన్ మీద వేలు పెడితే చర్మం కింద చూసే రకం. 2021 చట్టం కొత్త కార్లకు ఇలాంటిది పెట్టేలా నిబంధన తెమ్మంది, 2024 నవంబరు గడువు దాటిపోయింది, తుది నిబంధన రాలేదు. దానికోసం మీరు బస్సులు ఆపుకుని కూర్చోనక్కర్లేదు.

దారిలో ఆగిపోవడం గురించి: మంచి యూనిట్‌లో ఇంజన్ ఆగాక కొంతసేపు ఊదకుండా స్టార్ట్ చేసే వీలుంటుంది, కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా సెట్ చేసుకోవచ్చు. పిల్లల బస్సుకు నేనైతే 15 నుంచి 30 మధ్య పెడతాను. ఐదు నిమిషాలు పెడితే రైల్వే గేటు మీద మీరు భయపడ్డదే జరుగుతుంది.

నడుస్తుండగా మళ్లీ ఊదించే పద్ధతి ఇక్కడ శిక్ష పడ్డవాళ్లకు ఉంది. స్టార్ట్ అయిన 5 నుంచి 15 నిమిషాల్లో మొదటిది, ఆ తర్వాత అప్పుడప్పుడు. అప్పుడు ఫెయిలైనా ఇంజన్ ఆగదు, హారన్ మోగుతుంది, లైట్లు వెలిగి ఆరుతాయి, లాగ్‌లో పడుతుంది. ఫుల్లుగా పిల్లలున్న బస్సు నడుపుతూ గొట్టంలో ఊదమనడం నాకైతే నచ్చదు. మీకది వద్దు.

---

డిపో సూపర్‌వైజర్

పైన అందరూ డబ్బా గురించే చెప్పారు. ఊదే మనిషి గురించి కూడా చెప్పుకోవాలి, పథకం ఫెయిలయ్యేది అక్కడే.

క్లీనర్ ఊదడం: ఊపిరిలో పేరు రాసి ఉండదు. యూనిట్‌తో పాటు కెమెరా తీసుకోండి. ఊదుతున్నప్పుడు ఫొటో తీయాలి, అది కూడా ఊదుతున్న మొహం, వెనక డ్రైవర్ సీటు, స్టీరింగ్ కనిపించేలా. డాష్ మీద దూరంగా పెడితే చీకట్లో నల్లటి ఆకారమే పడుతుంది. మీ టైము 5:30 కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాయే కావాలి. ఫొటోలు అన్నీ ఎవరూ చూడరు. వారానికి ఒక బస్సువి ఏదో ఒకరోజువి తీసి చూస్తున్నారని డ్రైవర్లకు తెలిస్తే చాలు.

తోసి స్టార్ట్ చేయడం: సెల్ఫ్ కట్ చేసిన ఇంటర్‌లాక్ దీన్ని ఆపలేదు. నలుగురు తోస్తే రెండో గేరులో బండి అందుకుంటుంది. కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో సాలినాయిడ్ షార్ట్ చేసేవాళ్లూ ఉన్నారు. అందుకని యూనిట్‌కు ఆల్టర్నేటర్ సిగ్నల్ వైరు కూడా కలపమనండి. ఊదిన రికార్డు లేకుండా ఇంజన్ తిరుగుతోందంటే అప్పటికప్పుడు మెసేజ్ రావాలి. బస్సుకు ఏఐఎస్-140 ప్రమాణంలోని జీపీఎస్ ట్రాకర్ ఉంటే, అందులో ఖాళీ డిజిటల్ ఇన్‌పుట్ ఉందేమో చూడండి, ఇంటర్‌లాక్ అలారం అవుట్‌పుట్‌ను దానికి కలిపితే వేరే సిమ్ ఖర్చు ఉండదు. ట్రాకర్‌ను విప్పాల్సి వస్తే మాత్రం దాన్ని పెట్టినవాళ్ల చేతే చేయించండి, సీలు తెగితే ఫిట్‌నెస్ దగ్గర గొడవ.

ఇంజన్ ఆపకుండా రాత్రంతా వదిలేయడం కూడా ఒక ఎత్తే. బండి కదలకుండా ఇంజన్ గంట దాటి తిరిగితే అలారం పెట్టండి.

తప్పుడు రీడింగులు. ముందు నోటిలోని ఆల్కహాల్ గురించి. మౌత్‌వాష్, కొన్ని దగ్గు టానిక్‌లు, హోమియో టింక్చర్లు, బాగా మాగిన పండ్లు. 2025లో కేరళలో పందళం ఆర్టీసీ డిపోలో పనసతొనలు తిన్న డ్రైవర్లు మిషన్‌లో ఫెయిలయ్యారు, మందు చుక్క ముట్టలేదు. నోట్లో ఉన్నది రక్తంలో ఉన్నది కాదు. 15 నిమిషాల్లో పోతుంది. అందుకే నియమం ఇలా రాయండి: మొదటిసారి ఫెయిలైతే నీళ్లతో పుక్కిలించి 15 నిమిషాలు ఏమీ తినకుండా, తాగకుండా ఆగి మళ్లీ ఊదాలి. పండు, టానిక్ అయితే రెండోసారి సున్నా వస్తుంది. నిజంగా తాగి ఉంటే 15 నిమిషాల్లో పెద్దగా తగ్గదు. ఈ తేడాయే మీకు రుజువు, ఎవరితోనూ వాదన పెట్టుకోనక్కర్లేదు.

శానిటైజర్ చేతికి రాసుకుని వెంటనే గొట్టం పట్టుకోవద్దు. చేయి ఆరేదాకా ఆగితే సరిపోతుంది. సిగరెట్ కాల్చి వెంటనే ఊదితే పొగ లోపలికి పోయి సెల్ పాడవుతుంది, కొన్ని నిమిషాలు ఆగాలి. గుట్కా, ఖైనీ సంగతి ఏ మాన్యువల్లోనూ ఉండదు: తుంపరలు గొట్టంలో గడ్డకట్టి గాలి దారి మూసుకుంటుంది, యూనిట్ "ఊపిరి చాలలేదు" అంటుంది. ఒక్కో డ్రైవర్‌కు సొంత మౌత్‌పీస్ ఇవ్వండి, శుభ్రం వాళ్లదే బాధ్యత.

ఇప్పుడు అసలు సంగతి. మీ డ్రైవర్లలో పట్టుబడేది ఉదయం తాగినవాళ్లు కాదు, రాత్రి తాగినవాళ్లు. ఒక క్వార్టర్, అంటే 180 మి.లీ., 42.8 శాతం. అందులో శుద్ధ ఆల్కహాల్ దాదాపు 61 గ్రాములు. 70 కిలోల మగమనిషికి రక్తంలో అటూఇటుగా 125 మి.గ్రా. దాకా చేరుతుంది. శరీరం గంటకు సగటున 15 తీస్తుంది, కొందరికి 10 మాత్రమే. రాత్రి 11కు ముగించి పడుకుని 5కు లేచినవాడిలో ఆరు గంటలకు 90 పోయి ఇంకా 35 ఉంది. చట్టం హద్దు 30. వాడికి మత్తు ఉన్నట్టే అనిపించదు, "రాత్రి తాగితే ఇప్పుడేంటి సార్" అని నిజాయితీగానే అడుగుతాడు. టీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, నిమ్మకాయ నాకినా ఆ 15 పెరగదు. ఈ లెక్కను తెలుగులో కాగితం మీద రాసి డ్రైవర్ల గదిలో అంటించండి. యూనిట్ పెట్టిన మొదటి వారంలోనే బస్సులు ఆగకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం.

ఉదయం ఫెయిలైతే ఆ బస్సుకు ఎవరు వెళ్తారో ముందే తేలాలి. ఊళ్లో ఆగే బస్సులకు అదే రూట్లో దగ్గర్లో ఉన్న స్పేర్ డ్రైవర్ పేరు రాసి ఉంచండి. స్పేర్ లేకపోతే ఫోన్ చేసినప్పుడు "ఈ ఒక్కరోజుకు ఓవర్‌రైడ్ కోడ్ ఇచ్చేయండి సార్" అంటారు, మీరూ ఇచ్చేస్తారు. ఒకసారి ఇచ్చిన కోడ్ రెండో నెలకు అందరి ఫోన్లలో ఉంటుంది. ఒక్కసారికే పనిచేసే కోడ్, అది ఎవరడిగారో ఎవరిచ్చారో రికార్డయ్యే రకం అయితేనే ఓవర్‌రైడ్ ఉంచండి.

---

తెనాలి ట్రాన్స్‌పోర్ట్

ఈ 35 లెక్క ప్రింటు తీస్తున్నాను. హద్దు ఎంతకు సెట్ చేయాలి? మేనేజ్‌మెంట్ సున్నా అంటోంది. చట్టం 30 అంటోంది. ఇంకా క్యాలిబ్రేషన్ ఏడాదికోసారి చాలని సప్లయర్ అంటున్నాడు.

---

సెన్సర్ల శాస్త్రి

సున్నా పెట్టకండి. ఏ మిషన్‌కైనా అడుగున కొంత ఊగిసలాట ఉంటుంది. సున్నా మీద పెడితే తాగనివాడు కూడా నెలకోసారి ఆగుతాడు, ఆ రోజు నుంచి మిషన్ మాట ఎవరూ నమ్మరు. యూరప్‌లో చాలాచోట్ల లీటరు ఊపిరికి 0.09 నుంచి 0.10 మి.గ్రా. పెడతారు, మన రక్తపు లెక్కలో 20 మి.గ్రా. అమెరికాలో ఇంటర్‌లాక్‌లకూ దాదాపు అదే. మీరూ అదే పెట్టండి. చట్టం హద్దు కంటే కింద ఉంటుంది, రెండింటి మధ్య యూనిట్ తప్పుకు చోటు మిగులుతుంది. 0.143 దగ్గర పెట్టారంటే, సెల్ కాస్త బలహీనపడగానే చట్టం దాటినవాణ్ణి కూడా పంపించేస్తుంది.

బలహీనపడటం అన్నానుగా, క్యాలిబ్రేషన్ సంగతి అదే. ఫ్యూయల్ సెల్ వయసు మీద పడేకొద్దీ సాధారణంగా తక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపిస్తే డ్రైవర్లు ఆ రోజే గోల చేస్తారు, తక్కువ చూపిస్తే ఎవరూ నోరెత్తరు. అందుకే మన ఎండలకు ఏడాది ఎక్కువ, ఆరు నెలలకోసారి చేయించండి. మొదటి ఏడాది అయితే వేసవి ముందొకటి, కాలేజీ తెరిచే ముందొకటి. మూసిన బస్సులో ఎండకు హ్యాండ్‌సెట్ ఉడికితే సెల్‌లోని ఎలక్ట్రోలైట్ ఆరిపోతుంది. డాష్ మీద అద్దం కింద కాకుండా, స్టీరింగ్ కాలమ్ పక్కన నీడలో క్లిప్ పెట్టించండి. సెలవులకు హ్యాండ్‌సెట్లు విప్పి ఆఫీసు గదిలో ఉంచితే ఇంకా మంచిది. కొన్నిటిలో విప్పితే అలారం పడుతుంది, సర్వీస్ మోడ్ ఉందా అని అడగండి.

క్యాలిబ్రేషన్ రెండు రకాలు. నైట్రోజన్‌లో కలిపిన ఇథనాల్ సిలిండర్ గ్యాస్ ఒకటి, మన కోస్తా ఎత్తుకు దానికి సవరణ అక్కర్లేదు. రెండోది 34 డిగ్రీల దగ్గర ఉంచిన నీళ్ల సిమ్యులేటర్. 0.143 చూపించాలంటే లీటరు నీటికి సుమారు 0.37 గ్రాముల ఇథనాల్. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తేడా వస్తే రీడింగ్ ఆరేడు శాతం మారుతుంది, కాబట్టి థర్మామీటర్ చూపించకుండా "చేసేశాం సార్" అంటే ఒప్పుకోవద్దు. సర్టిఫికెట్ మీద సరిచేసే ముందు వచ్చిన రీడింగ్ ఎంతో రాయమనండి. గ్యాస్ 0.143 ఇస్తే యూనిట్ 0.11 చూపించిందంటే, మీ హద్దు 0.10 కాస్తా గత కొన్ని నెలలుగా 0.13గా పనిచేస్తోందని అర్థం. వచ్చేసారి గడువు దగ్గర చేసుకోవాలి.

---

ఆటోనగర్ వైరింగ్

ఒక చిన్న మాట. ఆర్టీవో గురించి ఎవరూ అడగలేదు కానీ అడుగుతారు. సెల్ఫ్ లైనులో రిలే పెట్టినంత మాత్రాన ఆర్సీలోని వివరాలు మారవు. అయినా వేసిన వైరు, ఫ్యూజ్, జాయింట్ల ఫొటోలు, బిల్లు బండి ఫైల్లో ఉంచండి. తర్వాత ఏ వైరింగ్ గొడవ వచ్చినా ముందు చూసేది బయట వేయించిన పనినే.

---

డిపో సూపర్‌వైజర్

ఇంకొకటి, యూనిట్ రీడింగ్ చూపించి సెక్షన్ 185 అని డ్రైవర్‌ను బెదిరించకండి. ఆ కేసు పోలీసులు తమ పరికరంతో చేసే పరీక్ష మీదో, రక్త పరీక్ష మీదో నడిచేది. మొదటిసారికి 10,000 జరిమానా లేదా ఆరు నెలల జైలు లేదా రెండూ, రెండోసారికి 15,000, రెండేళ్ల దాకా. మీ యూనిట్ లాగ్ మీ డ్యూటీ నియమానికి మాత్రమే. ఎన్నిసార్లు ఫెయిలైతే ఏం జరుగుతుందో అపాయింట్‌మెంట్ కాగితంలోనో, సంతకం పెట్టించిన సర్క్యులర్‌లోనో ముందే ఉండాలి. ఫొటోలు తీస్తారని కూడా అందులోనే రాయండి.

---

తెనాలి ట్రాన్స్‌పోర్ట్

రెండో సప్లయర్‌కు ఈఎన్ రిపోర్టు, రిలే రకం, కనీస వోల్టేజ్ మూడూ అడుగుతూ మెయిల్ పెట్టాను. ముందు రెండు బస్సులకు పెట్టించి చూద్దామనుకుంటున్నాం. ఏ రెండు తీసుకోమంటారు?

---

ఆటోనగర్ వైరింగ్

ఒకటి బీఎస్6, ఒకటి మీ దగ్గరున్న అతి పాత బ్యాటరీల బీఎస్4. రెండూ రాత్రి ఊళ్లో ఆగేవే అయి ఉండాలి. కొత్త బ్యాటరీలున్న బండి మీద ట్రయల్ బాగానే ఉంటుంది, సప్లయర్ కూడా దాన్నే అడుగుతాడు. ఇవ్వకండి.